ఎడమ ఉంగరపు వేలు

లిఫ్టు వర్క్‌షాపు, పైగది
జూన్ 3

నా రికార్డులో ఉన్న వేలు నీది.

పైన పిలుపు రాయలేదని చూస్తావు. మర్చిపోలేదు, రాయబుద్ధి కాలేదు. ఫోన్ కూడా చెయ్యను. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను, పని అవ్వదు.

జరిగింది వరసగా రాస్తున్నాను. ఈ నెల ఒకటి నుంచి ఏ భవనంలోనైనా లిఫ్టు మెషీను గది తలుపు తెరవాలంటే మెకానిక్కు వేలు పెట్టాలని రూలు వచ్చింది. ఇన్నాళ్ళూ కార్డు చూపిస్తే చాలు. కార్డు మీద ఫొటో నాదే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఒకటో తారీకు పొద్దున్నే ఒక పదకొండు అంతస్తుల ఆఫీసులో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఇద్దరున్నారు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పై దాకా మెట్లెక్కి వేలు పెట్టాను. ఎర్ర లైటు. గ్రీజు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. ఎర్ర లైటు. మూడోసారికి మిషను కూత పెట్టింది. వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"కార్డు చూడు. లిఫ్టు మెకానిక్కుని."

"కార్డు చూశాను. ఈ కార్డులో మనిషి నువ్వు కాదంటోంది మిషను."

"మిషనుకి కళ్ళు లేవు. నీకున్నాయిగా, చూడు!"

"నా కళ్ళకి ఎవరిస్తారమ్మా జీతం? మిషను చెప్పింది వినమని ఇస్తున్నారు."

ఇంకో మెకానిక్కు వచ్చేసరికి గంటా ఇరవై నిమిషాలు. అంతసేపూ లోపలున్న పెద్దాయన తలుపు బాదుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు వింటూ మెట్ల మీద కూర్చున్నాను. బ్రేకు విడిపించి లిఫ్టుని చేత్తో దింపడం నాకు మూడు నిమిషాల పని.

వర్క్‌షాపుకి తిరిగొస్తే మేస్త్రి అన్నాడు: "ఏం పిల్లా, ఆఖరికి నీ వేలు కూడా నీ మాట వినడం లేదా?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు కాగితం వచ్చాక ఎవరూ నవ్వలేదు. వేరే మనిషి కార్డుతో పనిచేస్తున్నానని అనుమానమట. ఆగస్టు ముప్పై లోపు నేను నేనేనని రుజువు చేసుకోవాలి. అప్పటిదాకా లిఫ్టు ముట్టుకోకూడదు. ఇప్పుడు వర్క్‌షాపు ఊడుస్తున్నాను.

నిన్న ఇక్కడి నమోదు కేంద్రానికి వెళ్ళాను. గాజు వెనక గుమాస్తా మొదట తెర నావైపు తిప్పనన్నాడు. చాలాసేపు నిలబడ్డాను. విసిగిపోయి తిప్పాడు.

"అందరూ కుడి చూపుడు వేలు ఇస్తారు. నువ్వు ఎడమ ఉంగరపు వేలు ఎందుకిచ్చావమ్మా?"

"నేనివ్వలేదు."

తెర మీద ముద్ర నా అరచేయంత ఉంది. పైనుంచి కిందికి ఏటవాలుగా ఒక తెల్లగీత. డబ్బా రేకు కోసిన గీత అది. అప్పుడు నాకు ఆరేళ్ళు, నీకు పదకొండు. రక్తం ఆగక నువ్వు కెవ్వుమంటుంటే నా గౌను అంచు చింపి నేనే కట్టాను. ఆ గీతని నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు?

నన్ను నమోదు చేసిన ఆపరేటరు నువ్వే. ఎందుకు పెట్టావో రాయి.

చెల్లెలు

* * *

నమోదు కేంద్రం, రెండో కౌంటరు
జూన్ 11

పిడుగూ,

నాలుగేళ్ళలో నువ్వు రాసిన మూడో ఉత్తరం ఇది. కవరు మీద నీ చేతిరాత చూసి, విప్పకుండా మధ్యాహ్నం దాకా డ్రాయరులో పెట్టుకున్నాను. విప్పాక అనిపించింది, అలాగే ఉంచేసినా బాగుండేదని.

నీకు గుర్తులేదు, చిన్నదానివి. ఆ రోజు నీ వేళ్ళు మిషనుకి పట్టలేదు. జ్వరం తగ్గాక చేతుల తోలు ఊడుతోంది నీకు. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ ఎర్ర లైటే. నాకు ఉద్యోగంలో అది రెండో వారం. రోజుకి యాభై మంది లెక్క, వెనక సూపర్‌వైజరు నిలబడి గడియారం చూస్తున్నాడు. నా కుడి చూపుడు వేలు అప్పటికే నా రికార్డులో ఉంది కాబట్టి ఇంకోటి పెట్టాను. వారం పోయాక సరిచేద్దామనుకున్నాను. వారాలు ఎలా పోతాయో నీకు తెలుసు.

కంగారు పడకు, ఉపాయం ఉంది. ఆగస్టులో రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను. విచారణకి నీ బట్టలు కట్టుకుని నేనే వెళ్తాను, నువ్వుగా. మన మొహాలు అచ్చు గుద్దినట్టుంటాయని అందరూ అంటారుగా. పైగా అక్కడ మొహం ఎవరు చూస్తారు, వేలే చూస్తారు. వేలు సరిపోతుంది, ఫైలు మూసేస్తారు. తర్వాత ఇక్కడ నా కౌంటరులోనే నీ వేలు ఎక్కించేస్తాను. మూడో కంటికి తెలియదు.

మీ బావకి ఇవేవీ చెప్పలేదు. ఆయన సంగతి తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు.

నడుం నొప్పి ఎలా ఉంది? ఆ క్లినిక్కుకి మంగళవారాలు వెళ్ళడం మానకు. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

అక్క

* * *

లిఫ్టు వర్క్‌షాపు, పైగది
జూన్ 19

అక్కా,

నా నడుం నొప్పి సంగతి నీకెవరు చెప్పారు? మేస్త్రికి కూడా చెప్పలేదు. చెబితే బరువు పనికి పనికిరానంటాడు. మంగళవారాలని కూడా రాశావు.

ఇక జ్వరం సంగతి. జ్వరం వచ్చింది ఆ మరుసటేడు. అమ్మ మంచం పక్కన నేల మీద పడుకున్నాను కాబట్టి బాగా గుర్తుంది. నమోదు రోజున నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఫొటోకి కూర్చోమంటే కూర్చున్నాను. వేలు పెట్టమంటే పెట్టనన్నాను. "ఎందుకు" అని అడిగాను. నువ్వు "అందరూ పెడుతున్నారుగా" అన్నావు. "అందరి సంగతి కాదు, దీన్ని ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు" అని అడిగాను. సూపర్‌వైజరు నవ్వి, "మీ చెల్లెలికి నోరెక్కువే" అన్నాడు. నేను పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల పిడికిలి విప్పడం చేతకాక నీ వేలు పెట్టావు. నిజం అది. జ్వరం మీదికి నెట్టకు.

నువ్వు నేనుగా వెళ్ళడం గురించి. వెళ్తే ఏమవుతుందో ఆలోచించావా? నేను నేను కాదని మిషను ఇప్పటికే అంటోంది. నువ్వే నేనని ఆ మిషను చేత నువ్వు ఒప్పిస్తావు. అది ఫైలులో కూర్చుంటుంది. అప్పుడు నేనెవరిని? వద్దు. రాకు.

నా రికార్డుని ఎవరెవరు ఎప్పుడెప్పుడు తెరిచారో పత్రం ఇమ్మని గుమాస్తాకి దరఖాస్తు పెట్టాను. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా ఇది" అన్నాడు. ఇస్తారా ఇవ్వరా అని అడిగాను. ఇస్తారట, నెల పడుతుందట. పత్రం వచ్చేలోపు నువ్వు చెప్పాల్సింది ఏదైనా ఉంటే నువ్వే చెప్పు.

చెల్లెలు

* * *

ఇల్లు
జూలై 2

పిడుగూ,

ఇది కౌంటరులో రాయలేదు. మీ బావ బయటికి వెళ్ళాక వంటింటి గట్టు మీద రాస్తున్నాను.

పిడికిలి మాట నిజమే. నీకు గుర్తుండదనుకున్నాను.

నడుం నొప్పి మాటా చెబుతాను. అమ్మ పోయిన నెలకి నా ఆఫీసులోనే నీకు ఉద్యోగం చూశాను. నువ్వు "జీవితమంతా జనం వేళ్ళు పట్టుకుని కూర్చోను" అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయావు. ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు. ఒక ఆదివారం కౌంటరులో ఒక్కదాన్నే ఉన్నాను. నీ నంబరు కొట్టి నా ఉంగరపు వేలు పెట్టాను. నీ పేజీ తెరుచుకుంది. కొత్త అడ్రసు ఉంది. నాలుగు రోజుల కిందట ఎక్కడో కార్డు చూపించావు. బతికే ఉన్నావనుకున్నాను. ఆ రోజు అన్నం సహించింది.

అప్పటినుంచి ఆదివారం డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటున్నాను. మిగతావాళ్ళు నన్ను మంచిదాన్ననుకుంటారు. నువ్వు మూడు గదులు మారావు. లైబ్రరీలో లిఫ్టుల పుస్తకం ఒకటే ఏడుసార్లు తీసుకున్నావు. మార్చి నుంచి మంగళవారాలు నడుం క్లినిక్కు. ఇంతే. ఇంతకుమించి నాకేం తెలుసు? ఎవరితో తిరుగుతున్నావో, ఏం తింటున్నావో ఆ పేజీలో ఉండదు. నువ్వు నెలకో కార్డు ముక్క రాసి ఉంటే నాకు ఆ పేజీతో పనేముంది?

ఇప్పుడు నా సంగతి విను. నేను చేసిందని రాసిచ్చిన క్షణం నా ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగదు. తొమ్మిదేళ్ళలో నేను నమోదు చేసిన ప్రతి మనిషినీ మళ్ళీ పిలిచి వేలు సరిచూస్తారు. మంచం దిగలేని ముసలివాళ్ళుంటారు అందులో. వాళ్ళందరూ నా మొహం మీద ఊస్తారు. వాళ్ళ వేళ్ళు వాళ్ళవే పిడుగూ, ఒట్టు. తప్పు చేసింది నీ ఒక్కదాని విషయంలోనే.

ఇంకేమీ దాచలేదు. నేను వచ్చి వేలు పెట్టి వెళ్ళిపోతాను. ఆలోచించు.

అక్క

* * *

లిఫ్టు వర్క్‌షాపు, పైగది
జూలై 24

అక్కా,

పత్రం వచ్చింది. పదకొండు పేజీలు. నా నంబరు, పక్కన తారీకు, గంట, తెరిచిన పేజీ, ఏ కేంద్రం నుంచి, ఎంతసేపు. నూట అరవై నాలుగుసార్లు తెరిచావు. అన్నీ ఆదివారాలే. చాలావాటిలో నిమిషం లోపే. చూసి మూసేసేదానివన్నమాట. ఆ మాట నమ్ముతున్నాను.

ఒకటి మాత్రం బుధవారం. రెండేళ్ళ కిందట, అక్టోబరు పన్నెండు, పదకొండు గంటల పది నిమిషాలకి. తెరిచిన పేజీ పేరు "శిక్షణకు ఎంపిక – సమ్మతి". నాలుగు నిమిషాలు. దాని కిందే పదిరోజుల తర్వాత ఇంకో వరస: "గడువు ముగిసింది".

ఆ శిక్షణకి నేను దరఖాస్తు పెట్టాను. రెండేళ్ళ కోర్సు, చేతికి లైసెన్సు ఇచ్చే కోర్సు. వందలమంది రాస్తే ఇరవైమందిని తీసుకున్నారు. ఫలితం రికార్డుకి పంపుతామన్నారు. రికార్డులో ఫోన్ నంబరు ఎవరిదో అప్పుడు నాకు తట్టలేదు. నమోదు రోజున నాకు ఫోనెక్కడిది? నువ్వు నీ నంబరు రాసుకున్నావు. కబురు నీకు వచ్చింది.

నాకు ఏమీ రాలేదు. పరీక్ష పోయిందనుకున్నాను. ఆ ఏడాదంతా హెల్పరుగా మెకానిక్కులకి పానాలు అందించాను. లైబ్రరీలో ఆ పుస్తకం ఏడుసార్లు ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు అర్థమైందా? ఫెయిలైన మొద్దుని కదా, ఇంకోసారి చదివితే ఎక్కుతుందని. రాత్రి షిఫ్టులో పాత బ్రేకులు విప్పి, మళ్ళీ బిగించి, విప్పి, చేతులు ఒరుసుకుపోతే నేర్చుకున్నాను. మేస్త్రి ఇప్పటికీ "బడి లేని మెకానిక్కు" అని పిలుస్తాడు. నవ్వుతాను.

ఏడుసార్లు తీసుకున్నావని నాకే రాశావు, ముచ్చటగా. ఎందుకు తీసుకున్నానో తెలిసి కూడా.

ఆ నాలుగు నిమిషాలూ ఏం చేశావు? అదొక్కటే అడుగుతున్నాను.

చెల్లెలు

* * *

ఇల్లు
ఆగస్టు 4

పిడుగూ,

"వద్దు" నొక్కలేదు. అది ముందు నమ్ము.

తెర మీద రెండు గడులు ఉన్నాయి, సమ్మతి, అసమ్మతి. కింద శిక్షణ కేంద్రం ఉన్న ఊరి పేరు. ఇక్కణ్ణించి రెండు రాత్రులూ ఒక పగలూ ప్రయాణం. రెండేళ్ళు. మధ్యలో సెలవులు లేవని రాసి ఉంది. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళే.

సమ్మతి గడి మీద వేలు పెట్టబోయాను. ఎడమ ఉంగరపు వేలే. పెట్టలేదు. కౌంటరు ముందు ఎవరో వచ్చారు, పేజీ మూసేశాను. నీకు ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇంత మంచి కబురు నాకెలా తెలిసిందంటే ఏం చెప్పను? మొదటి తప్పు బయటికొస్తుంది. పదిరోజులూ రోజూ రాద్దామనుకున్నాను. ఏదీ నొక్కలేదు. ఏదీ చెయ్యలేదు.

ఏదీ చెయ్యకపోవడం ఇంత అవుతుందనుకోలేదు.

ఆగస్టు ఇరవై ఆరుకి టికెట్టు తీసుకున్నాను. వచ్చి నీ బదులు వేలు పెడతాను. ఈ ఒక్కసారికి ఒప్పుకో. ఆ తర్వాత నా మొహం చూడకపోయినా సరే.

అక్క

* * *

లిఫ్టు వర్క్‌షాపు, పైగది
ఆగస్టు 16

అక్కా,

టికెట్టు రద్దు చేసుకో.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏదీ నొక్కలేదన్నది నమ్ముతున్నాను. నువ్వెప్పుడూ అంతే, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని దింపని మెకానిక్కు కూడా ఏదీ నొక్కలేదు కదా. ఆ పెద్దాయన తలుపు బాదుతుంటే నేను మెట్ల మీద కూర్చున్నాను. నన్ను కూర్చోబెట్టారు. నిన్నెవరూ కూర్చోబెట్టలేదు.

గుమాస్తాని అడిగి వచ్చాను. రెండు దారులున్నాయట.

ఒకటి, దిద్దుబాటు. నమోదు చేసిన ఆపరేటరు, ఈ వేలు నాదని, ఈ మనిషిది కాదని సంతకంతో రాసిచ్చి, వేలిముద్ర వెయ్యాలి. అది వస్తే నా రికార్డు నాకే ఉంటుంది. పేరు, అడ్రసు, నాలుగేళ్ళ పని, నీ బుధవారం వరస కూడా. వేలొక్కటే మారుస్తారు.

రెండోది, కొత్త నమోదు. ఎవరూ రాసివ్వకపోతే ఆ రికార్డు నాది కాదని నేనే ఒప్పుకుని, ఈ రోజు పుట్టినట్టు ఇంకో నంబరు తీసుకోవాలి. పని చేసిన ఏళ్ళు సున్నా. మళ్ళీ హెల్పరుగా మొదలు. ఫారం ఇచ్చాడు, ఇంటికి తెచ్చుకున్నాను. ఏడో వరసలో "రక్త సంబంధీకులు" అని ఉంది. గుమాస్తా అన్నాడు: "పాత రికార్డులో ఉన్నవాళ్ళని ఇందులో చూపించకూడదమ్మా, మిషను పట్టేస్తుంది. గీత గీసెయ్." పక్క గడి నింపమన్నంత తేలిగ్గా అన్నాడు. "గీస్తే మళ్ళీ రాయొచ్చా?" అని అడిగాను. "ఎందుకమ్మా రాయడం, గీశాక" అన్నాడు.

మేస్త్రికి మొత్తం చెప్పాను, నడుం నొప్పితో సహా. గ్రీజు డబ్బా మూత బిగించాడు. "అక్కని ఇరికించకు పిల్లా. ఎంత తప్పు చేసినా తోడబుట్టింది. హెల్పరుగా మళ్ళీ తీసుకుంటాను, ఏడాదిలో పైకొస్తావు" అన్నాడు. మంచివాడు. ఆయన చెప్పింది చేస్తే అందరికీ సుఖం. నీ ఉద్యోగం నీకుంటుంది. నీ కౌంటరు ముందుకి ఏ ముసలివాళ్ళూ రానక్కర్లేదు. మొన్నటిదాకా అలాగే చేద్దామనుకున్నాను కూడా.

మొన్న ఏమైందంటే, పత్రం ఇంకోసారి తీయించాను. ఒకసారి ఇచ్చాక మళ్ళీ అడిగితే నెల ఆగక్కర్లేదట, అప్పటికప్పుడే ఇస్తారట. పాతది జూలై ఇరవై దాకానే ఉంది. కొత్త దాంట్లో నాలుగు వరసలు ఎక్కువున్నాయి. నాలుగూ ఆదివారాలే. ఆఖరిది ఆగస్టు పదకొండు. అంతా ఒప్పేసుకుని, టికెట్టు కూడా కొనేశాక, మళ్ళీ కూర్చుని నా పేజీ తెరిచావు.

పద్నాలుగేళ్ళప్పుడు నేను అడిగింది అదే. దీన్ని ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు. జవాబు తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అప్పుడు ఎవరో పెద్ద ఆఫీసరు చూస్తాడేమోనని భయపడ్డాను. నువ్వు చూస్తావనుకోలేదు.

అందుకని మేస్త్రి చెప్పింది చెయ్యను. గీత గీసి పారిపోతే నీ వేలితో తెరుచుకునే నేను ఒకటి అలాగే అక్కడ ఉండిపోతుంది. ఆదివారాలు నువ్వు దాన్ని తెరుచుకుంటూ కూర్చుంటావు. కొత్త అడ్రసు రాదు, కార్డు ఎక్కడా చూపించదు, అయినా తెరుస్తావు. నాకు తెలుసు నిన్ను.

నాకు కావలసింది ఇది. తెల్ల కాగితం మీద నీ చేత్తో రాయి. నమోదు రోజున నేను వేలు ఇవ్వనన్నానని రాయి, పిడికిలి మాటతో సహా. నా బదులు నీ ఎడమ ఉంగరపు వేలు పెట్టావని రాయి. బుధవారం నాలుగు నిమిషాల సంగతి రాయి. కింద సంతకం, పక్కన ఆ వేలి ముద్ర. జ్వరం గిరం వద్దు. నువ్వు నమోదు చేసినవాళ్ళని మళ్ళీ పిలిస్తే పిలవనీ. నన్ను పిలిచినప్పుడు నేను వెళ్ళలేదా? మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి మిషను పట్టుకుని నువ్వే వెళ్ళు. ఉద్యోగం పోయాక తీరికే కదా.

అది చేరిన రోజు గాజు ముందు కూర్చుని కుడి చూపుడు వేలు ఇస్తాను. ఇష్టం లేకపోయినా ఇస్తాను, లిఫ్టుల కోసం. ఫోన్ నంబరు గడిలో నాది రాస్తాను.

ఇంకో మాట. ఇకనుంచి నేను బతికున్నానో లేదో తెలుసుకోవాలంటే ఉత్తరం రాసి అడుగు. జవాబిస్తాను. ఆలస్యమైనా ఇస్తాను. ఈ ఆదివారం, పై ఆదివారం ఆ పేజీ తెరిచావో, పత్రంలో తెలుస్తుంది. తెరిచిన మర్నాడే ఏడో వరసలో గీత గీస్తాను.

ఆగస్టు ముప్పై శుక్రవారం. మధ్యలో కాగితాలు కదలడానికి ఒకరోజు కావాలన్నాడు గుమాస్తా. కాబట్టి నీ కాగితం ఇరవై ఎనిమిది, బుధవారం, సాయంత్రం అయిదింటి లోపు నా చేతిలో ఉండాలి. అయిదు దాటితే కౌంటరు మూస్తారు.

చెల్లెలు